శిరివెళ్ల మెట్ట కాడ దిగాల

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కేటప్పుడు కండక్టర్ని అడిగాను, "శిరివెళ్ల మెట్ట దగ్గర ఆపుతారా అండీ?" అని. ఆయన నా వైపు ఒకసారి, నా వెనక నిలబడిన నాయన వైపు ఒకసారి చూసి, జవాబు నాయనకు చెప్పాడు.

"నిలుపుతాం. ఎవరింటికి పోవాల?"

"ఎవరింటికీ కాదప్పా. ఊరికే."

"ఊరికే శిరివెళ్లకు ఎవరన్నా పోతారా?"

న్యాయమైన ప్రశ్నే. ఈ చుట్టుపక్కల ఊరికే తిరగడానికి వచ్చేవాళ్లకి మహానంది ఉంది, యాగంటి ఉంది, అహోబిలం ఉంది, బెలుం గుహలున్నాయి. సినిమా పిచ్చోళ్లకి బనగానపల్లె దగ్గర నవాబు బంగళా ఉంది. 'అరుంధతి'లో కోటగా కనపడ్డప్పట్నుంచి దాన్ని జనం అరుంధతి కోట అనే పిలుస్తున్నారు, కార్లేసుకుని వచ్చి ఫొటోలు దిగిపోతున్నారు. కర్నూల్లో కొండారెడ్డి బురుజు సరేసరి. శిరివెళ్లలో ఏముంది? మెట్ట దగ్గర దిగితే రోడ్డు, రోడ్డు దిగితే ఊరు, ఊరి చుట్టూ పొలాలు.

మేం వెళ్తున్నది జయప్రకాశ్ రెడ్డి పుట్టిన ఊరు చూడ్డానికి. ఈ మాట కండక్టరుకు చెప్పలేదు. హీరో పుట్టిన ఊరికి పోతున్నామంటే ఎవరికైనా అర్థమవుతుంది. విలన్ పుట్టిన ఊరికి తండ్రీ కూతుళ్లు టికెట్ కొనుక్కుని పోతున్నారంటే కొంచెం వివరం ఇచ్చుకోవాలి.

*

మాది పగిడ్యాల. నందికొట్కూరు నుంచి లోపలికి రావాలి. నేను పుట్టినప్పుడు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. మండలం ఒక అంచు కృష్ణలోకి దిగిపోతుంది. శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లు. డ్యామ్ నిండితే మాకు కనపడేది సముద్రమే. అందులో మునిగిపోయిన ఊళ్ల పేర్లు మా అవ్వ వరసగా చెప్పేది, చుట్టాల పేర్లు చెప్పినట్టు. ఆ నీళ్ల మీద సినిమా ఎవరూ తీయలేదు. మా మీద తీసిన సినిమాలన్నీ సుమోల మీద తీశారు.

1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' వచ్చింది. నాకు తొమ్మిదేళ్లు. నందికొట్కూరుకు ఎన్నాళ్లకు వచ్చిందో గుర్తులేదు గానీ, నాయన సైకిలు మోటారు మీద ముందర నన్ను, వెనక అమ్మను కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. హాల్లో ఈలలు, కాగితాలు. అందరూ బాలకృష్ణ కోసం ఈల వేస్తున్నారు. నాయన మాత్రం వీరరాఘవరెడ్డి నోరు తెరిచినప్పుడల్లా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నాకు భయమేస్తుంటే ఈయనకి నవ్వేంటో అర్థం కాలేదు. ఇంటర్వెల్‌లో మురుకులు కొనిచ్చి చెప్పాడు: "ఆయప్ప మన మాట మాట్లాడ్తాండాడు మా. అచ్చం మన రంగన్న తాత మాదిర్నే."

నాయన అంతకుముందు సినిమాల్లో సీమ మాట విననేలేదని కాదు. కానీ సినిమాల్లో అది ఎక్కువగా వినిపించే తీరు వేరే. గుంటూరు మాటకు చివర రెండు దీర్ఘాలు తగిలించి రాయలసీమ అనిపించేవాళ్లు. జయప్రకాశ్ రెడ్డి గొంతులో అది అతికించినట్టు ఉండదు. మాట మొదలు మెల్లగా, దాదాపు బుజ్జగిస్తున్నట్టు ఉంటుంది. మధ్యలో ఎక్కడో ఒక్క అక్షరం మీద కాలు పెట్టి తొక్కుతాడు. మా ఊళ్లో పెద్దమనుషులు కోపంగా ఉన్నప్పుడు నిజంగా అలాగే మాట్లాడతారు, అరవరు. సినిమాలో ఆయన్ని చూసి భయపడ్డది అరిచినందుకు కాదు, అరవబోయే ముందు ఆగినందుకు.

*

ఇంటర్‌కి నన్ను ఊరు కాని ఊరు పంపారు. కాలేజీ పేరెందుకు, అన్నీ ఒకటే. మొదటి రోజు హాస్టల్లో "యాడ పెట్టాల సంచి?" అని అడిగాను. గదిలో నలుగురు అమ్మాయిలు ఒక్కసారి నవ్వారు. చెడ్డవాళ్లేం కాదు, ఇద్దరు ఇప్పటికీ స్నేహితులే. ఆ రాత్రికి నా పేరు 'ఫ్యాక్షన్' అయింది. మీ ఇంట్లో బాంబులుంటాయా, మీ నాన్నకి మీసాలున్నాయా. ఒకమ్మాయి జయప్రకాశ్ రెడ్డిని బాగా అనుకరించేది, నిజం చెప్పాలంటే చాలా బాగా. లెక్కల క్లాసులో బోర్డు మీద తప్పు చేస్తే వెనక బెంచీ నుంచి ఆ గొంతు వచ్చేది. లెక్చరర్ కూడా నవ్వేవాడు.

రెండు నెలలు పట్టింది నాకు మారడానికి. 'యాడ' 'ఎక్కడ' అయింది, 'వచ్చినాడు' 'వచ్చాడు' అయింది, 'శానా' 'చాలా' అయింది. ఎవరూ నేర్పలేదు. నోరే నేర్చుకుంది.

దసరా సెలవులకు ముందు నాయన హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో బొరుగుల సంచి, నెయ్యి డబ్బా. దూరం నుంచే, "ఏం మా, తిన్యావా?" అని గట్టిగా పిలిచాడు. నా పక్కన ఇద్దరు ఉన్నారు. నేను దగ్గరకు పోయి చాలా మెల్లగా, "తిన్నాను నాన్నా, మీరు ఎప్పుడు వచ్చారు?" అన్నాను. పుట్టి బుద్ధెరిగి నాయన్ని 'నాన్నా' అనలేదు, 'మీరు' అనలేదు. ఆయన ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. సంచి చేతికిచ్చాడు. తర్వాతి నెల వచ్చినప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్‌తో, "మా అమ్మాయిని పిలుస్తారా అండీ" అంటున్నాడు, టీవీలో వార్తలు చదివేవాళ్ల మాదిరి, ఒక్కో మాట తడిమి చూసుకుంటూ. ఆ గొంతు నాకిప్పటికీ నిద్రలో వినపడుతుంది.

అప్పట్లో నా కోపమంతా జయప్రకాశ్ రెడ్డి మీద ఉండేది. ఈయనే లేకుంటే నన్నెవరూ ఫ్యాక్షన్ అనేవాళ్లు కాదు కదా అని. సీమలో రాసేవాళ్లు, మాట్లాడేవాళ్లు చాలామందికి ఆ సినిమాల మీద కోపముంది, అందులో న్యాయమూ ఉంది. ఫ్యాక్షన్ లేదని నేననను. బస్సులు తిరగని రోజులు, బడి మధ్యాహ్నానికే వదిలేసిన రోజులు, పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్న రోజులు నాకూ గుర్తున్నాయి. కానీ నీళ్లు, వలస, కరువు, డ్యామ్ కింద పోయిన ఊళ్లు, ఇవేవీ లేకుండా ఒక్క వేటకొడవలి మాత్రం మిగిల్చి ఇదే సీమ అన్నారు. పైగా ఆ సినిమాల్లో సీమ మాట ఎక్కువగా విలన్ నోట్లోనే ఉంటుంది. హీరో కూడా సీమవాడే, కానీ చాలాసార్లు పుస్తకం మాట మాట్లాడతాడు. అది మాకు చెప్పిన పాఠమేమిటో హాస్టల్లో నాకు బాగా అర్థమైంది.

*

2020 సెప్టెంబరు 8. కోవిడ్ రోజులు. వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో నేను పగిడ్యాలలో, మిద్దె మీద సిగ్నల్ దొరికే మూలలో కూర్చుని ఉన్నాను. కింద నుంచి నాయన పిలిచాడు. టీవీలో స్క్రోలింగ్: గుంటూరులో ఇంట్లో గుండెపోటుతో జయప్రకాశ్ రెడ్డి మృతి. 74 ఏళ్లు. ఛానళ్లన్నీ ఆయన డైలాగులు తిప్పి తిప్పి వేశాయి ఆ రోజంతా. నాయన రేడియోలో క్రికెట్ విన్నట్టు తల వంచుకుని విన్నాడు. చూడ్డం లేదు, వింటున్నాడు.

ఆ రాత్రే నేను ఆయన గురించి వెతికి చదివాను. లెక్కల టీచరని తెలిసి నవ్వొచ్చింది. నా లెక్కల క్లాసులో వెనక బెంచీ నుంచి వినపడిన గొంతు నిజంగా ఒక లెక్కల మాస్టారిదే! శిరివెళ్లలో పుట్టాడు. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. తెర మీద ఫ్యాక్షనిస్టు, ఇంట్లో పోలీసు కొడుకు. నాన్న బదిలీల వెంట చిన్నప్పుడే నెల్లూరు, తర్వాత అనంతపురం. ఉద్యోగం, కాపురం గుంటూరులో. నాటకాలు వదల్లేదు. ఆయన్ని నాటకంలో చూసిన దాసరి నారాయణరావు నిర్మాత రామానాయుడికి చెప్పడంతో 1988లో 'బ్రహ్మపుత్రుడు'. ఆ తర్వాత చిన్నా చితకా వేషాలు, మళ్లీ బడి. అసలు మలుపు 1997లో 'ప్రేమించుకుందాం రా', వీరభద్రయ్య. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. నాకు బాగా నచ్చిన సంగతి అదే. యాభై దాటాక మొదలైన కెరీర్. తర్వాత 'సమరసింహారెడ్డి', 'జయం మనదేరా', 'నరసింహనాయుడు', 'చెన్నకేశవరెడ్డి'. ఆ తర్వాత తన విలనీని తానే వెక్కిరించుకుంటూ కామెడీ. చివరిదాకా నాటకం: ఒక్కడే నటుడిగా 'అలెగ్జాండర్' ఏకపాత్ర వేసేవాడు. సినిమాలో వందమంది అనుచరుల్ని వెనకేసుకుని తిరిగిన మనిషి వేదిక మీదికి ఎవర్నీ రానిచ్చేవాడు కాదన్నమాట.

ఇంకో సంగతి చదివాను. శిరివెళ్లలో పుట్టినా ఆ యాస తనకు నోటికి రావాలంటే మళ్లీ వెనక్కి రావలసిందేనని, సీమ ఊళ్లు తిరిగి జనం ఎలా మాట్లాడుతున్నారో విని మరీ నేర్చుకున్నాడని అంటారు. నాయనకు ఇది చదివి వినిపించాను. చాలాసేపు నమ్మలేదు.

"నేర్చుకున్న్యాడా? యాడ నేర్చుకున్న్యాడంట?"

"ఇక్కడే. మన ఊళ్ల వైపు తిరిగి."

"మన కాడికి రాల్యా," అన్నాడు నాయన, పెళ్లికి పిలవని బంధువు మాదిరి.

శిరివెళ్ల పోదాం అన్నది ఆయనే. పోవడానికి మూడేళ్లు దాటింది.

*

పోయిన సంక్రాంతికి బయల్దేరాం. మొదట నందికొట్కూరు. మేం సినిమా చూసిన హాలు ఇప్పుడు హాలు కాదు. షట్టర్లేసి ఉంది, గోడ మీద విత్తనాల కంపెనీ ప్రకటన. టికెట్ కిటికీ మాత్రం అలాగే ఉంది, చేయి ఒక్కటే పట్టేంత బొక్క. నాయన అందులో చేయి పెట్టి చూశాడు. ఫొటో తీస్తానంటే వద్దన్నాడు.

కర్నూలు ముందు రోజే అయిపోయింది, దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కొండారెడ్డి బురుజు 'ఒక్కడు'ది, అంటే మహేశ్ బాబుది, ప్రకాశ్ రాజ్‌ది. జయప్రకాశ్ రెడ్డి బతికుండగా విడుదలైన పెద్ద సినిమాల్లో చివరిది 'సరిలేరు నీకెవ్వరు', 2020 జనవరిలో వచ్చింది. దాని కథా కర్నూలే, అందులోనూ బురుజు ఉంది, కాకపోతే అది హైదరాబాదులో వేసిన సెట్టు. అసలు బురుజు ముందు నిలబడి నకిలీ బురుజు గురించి నాయనకు చెబుతుంటే, పల్లీలమ్మే ఆయన కూడా వచ్చి విన్నాడు.

నంద్యాలకు ఆత్మకూరు, వెలుగోడు మీదుగా పోయాం. నందికొట్కూరు నుంచి ఆత్మకూరు దాకా రోడ్డుని మా వైపు కె.జి. రోడ్డు అంటారు: కర్నూలు, గుంటూరు. ఆత్మకూరు దాటాక అది నల్లమల ఎక్కి దోర్నాల వైపు పోతుంది. చిన్నప్పుడు గుంటూరు బోర్డు పెట్టుకున్న ఎర్రబస్సులు దుమ్ము లేపుకుంటూ పోతుంటే అక్కడెక్కడో పెద్ద పట్నం ఉందనుకునేదాన్ని. ఆ రోడ్డుకు ఒక చివర మా మాట, ఇంకో చివర ఆ మాటని తెర మీదికి మోసిన లెక్కల మాస్టారు. ఇది నేను బస్సులో అంటే నాయన, "బస్సులో ఇట్లాంటివి ఆలోచిస్తే కడుపులో తిప్పుతాది," అన్నాడు.

శిరివెళ్ల మెట్ట దగ్గర దిగాం. ఎండ చురుక్కుమనలేదు ఇంకా. రోడ్డు పక్కన హోటల్లో ఉగ్గాని, బజ్జీ. ప్లేటు ముందు పెట్టుకుని నాయన ఎదుటాయన్ని అడిగాడు, జయప్రకాశ్ రెడ్డి ఇల్లు ఏ పక్క అని.

"ఏ జయప్రకాశ్ రెడ్డి? ఎరువుల అంగడాయనా?"

"సినిమాల్లో యాక్ట్ చేసినాయన."

"ఓ, ఆయప్పా! ఈ ఊరే అంటారు. చిన్నప్పుడే పోయినారు కదా వాళ్లు." కాసేపాగి ఆయన గొంతు మార్చి ఒక డైలాగు చెప్పాడు. హోటల్ యజమాని పెనం దగ్గర నుంచే దాన్ని పూర్తి చేశాడు. ఇంకో కుర్రాడు, ఆ సినిమా విడుదలకి పుట్టి కూడా ఉండడు, వేరే సినిమాలోది అందుకున్నాడు. అయిదు నిమిషాలు ఆ హోటల్లో బజ్జీల కన్నా డైలాగులు ఎక్కువ వేగాయి. చిత్రమేమిటంటే వాళ్లు మామూలుగా మాట్లాడుకునే మాటకీ డైలాగు మాటకీ తేడా ఉంది. డైలాగు చెప్పేటప్పుడు ఇంకొంచెం సీమగా మాట్లాడుతున్నారు! ఆయన వీళ్ల దగ్గర నేర్చుకున్నాడు, వీళ్లు ఆయన దగ్గర తిరిగి తీసుకున్నారు, కొంచెం వడ్డీతో.

ఊళ్లోకి నడిచాం. ఇల్లు వెతకలేదు. మేం నడిచిన వీధుల్లో ఆయన పేరుతో బోర్డు గానీ విగ్రహం గానీ కనపడలేదు. ఒక బడి, ఒక వేపచెట్టు, అరుగు మీద పసుపు కొమ్ములు ఎండబోస్తున్న ఒక అవ్వ. నాకు ఆ అవ్వతో మాట్లాడాలనిపించింది. హోటల్ వాళ్లని చూసిన ఊపులో ఉన్నాను. "ఏం అవ్వా, ఎట్లుండావు? పసుపు ఎంత పండింది ఈ తూరి?" అన్నాను. పదిహేనేళ్ల తర్వాత బయటి మనిషితో నోరు తెరిచి మాట్లాడిన సీమ మాట.

అవ్వ తలెత్తి చూసి, "సినిమావోళ్లా మా మీరు?" అంది.

నాయన నవ్వాపుకోలేకపోయాడు. దారిపొడుగునా నవ్వాడు. "నీకింక రాదులే మా. నువ్వు మాట్లాడితే ఆయప్ప మాట్లాడినట్టే ఉండాది." హాస్టల్లో నన్ను వెక్కిరించిన గొంతే ఇప్పుడు నా సొంత మాటకి అచ్చు. ఇంట్లో నేర్చుకున్నది హాస్టల్లో పోగొట్టుకుని, దాన్ని మళ్లీ యూట్యూబ్ క్లిప్పుల్లో దొరకబుచ్చుకున్నదాన్ని, ఇంకెలా ఉంటుంది? నవ్వాను గానీ, ఆళ్లగడ్డ దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల కొట్టాలు. దేవుళ్లు, నాయకులు, ధ్వజస్తంభాల పీఠాలు, ఇంకా కళ్లు తెరవని అమ్మవార్లు. రాతి దుమ్ములో అందరూ ఒకే రంగు. నాయన ఒక శిల్పిని అడిగాడు, సినిమా యాక్టర్ల విగ్రహాలు చేస్తారా అని. ఎన్టీఆర్‌వి చేస్తామన్నాడు. జయప్రకాశ్ రెడ్డిది? ఆయన సుత్తి దించి ఆలోచించాడు. "ఫోటో ఇస్తే చేస్తాం. ఎవరూ అడగల్యా ఇంతవరకు. మీసం ఒకటే కష్టం, రాయి పగులుతాది." ధర అడిగాం. విని ఊరుకున్నాం.

*

గుంటూరుకు మర్నాడు నంద్యాల నుంచి రైల్లో పోయాం. నల్లమలలో సొరంగాలు వచ్చినప్పుడల్లా నాయన మాట ఆపేసి, వెలుతురొచ్చాక అక్కడ్నుంచే అందుకునేవాడు. గిద్దలూరు, కంభం, మార్కాపురం, వినుకొండ. ఒక్కో స్టేషనుకు పెట్టెలోకి ఎక్కేవాళ్ల మాట కొంచెం కొంచెంగా మారుతూ వచ్చింది. నరసరావుపేట దగ్గరికి 'అండీ'లు నిండిపోయాయి.

ఇక్కడా ఇల్లు వెతకొద్దనే అనుకున్నాం. కుటుంబం ఉండే చోట గేటు ముందు నిలబడి ఫొటో తీసుకునే హక్కు మాకెక్కడిది. శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం దగ్గరికి పోయాం. నాటకమంటే ఊళ్లో ఎవరిని అడిగినా ఆ హాలు పేరే చెప్పారు. లోపల ఏదో బడి వార్షికోత్సవానికి కుర్చీలు వేస్తున్నారు. గేటు దగ్గర పెద్దాయన మమ్మల్ని నీడలో కూర్చోనిచ్చాడు. నాయన సంగతి చెప్పాడు.

"జయప్రకాశ్ రెడ్డి గారా? ఆయన మా గుంటూరాయనే కదండీ."

"కాదు సామీ. మాది. శిరివెళ్ల."

"పుట్టుంటారేమోనండీ. బతికిందంతా ఇక్కడే. మా వీధిలో పిల్లలు ఆయన దగ్గర లెక్కలు చెప్పించుకున్నవాళ్లే."

"మాట మాది గదా."

పెద్దాయన ఒప్పుకోలేదు, నాయనా తగ్గలేదు. చివరికి పెద్దాయన, "సరే లెండి, మాట మీది, మనిషి మావాడు," అని టీ తెప్పించాడు. గ్లాసు నాకందిస్తూ అడిగాడు, "అమ్మాయి గారిది హైదరాబాదా అండీ?"

నేను నోరు తెరిచేలోపు నాయన చెప్పాడు. "పగిడ్యాలే. సదువుకున్న్యాది."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎండ ఎక్కువ, వాన తక్కువ అన్నంత మామూలుగా అన్నాడు. టీ బాగా తీపిగా ఉంది. లోపల మైకు పరీక్ష చేస్తున్నారు, ఎవరో పిల్లవాడు ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతున్నాడు.

సాయంత్రం స్టేషన్లో అమ్మ ఫోన్ చేసింది. నాయనకు రైల్వే స్టేషనంటే మైదానమే. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ప్లాట్‌ఫారం ఆ చివర దాకా వినపడేట్టు మొదలుపెట్టాడు. ఏం తిన్యారు, యాడుండారు, ఎప్పుడొస్తారు, గుంటూరులో మిరపకాయలేమన్నా కొన్న్యారా. పక్క బెంచీలో కాలేజీ అమ్మాయిలు ముగ్గురు మా వైపు తిరిగి చూశారు. ఒకామె పక్కామె చెవిలో ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వారు.

"ఇదిగో, పిల్ల కూడా ఈడనే ఉండాది, మాట్లాడు," అని నాయన ఫోన్ నా చేతిలో పెట్టాడు. స్పీకర్ ఆపలేదు. నేనూ ఆపలేదు.

"మా, నాయన మిరపకాయలు కొనల్యా," అన్నాను. "మర్చిపోయినాడు. నేను కొనుకొస్తాండా."